వరద తీశాక మిగిలే భయం: పాఠకుల ప్రశ్నలకు మానసిక వైద్యురాలి సమాధానాలు

తుపానుల కాలం దగ్గరపడేసరికి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. పరీక్షల బెంగ, అత్తాకోడళ్ల తగవులు వెనక్కి తగ్గి, వాన, గాలి, ముంపు ముందుకు వస్తాయి. ఈసారి అందిన వాటిలో ఆరింటిని ఎంచుకుని ఈ సంచికను పూర్తిగా వాటికే కేటాయించాము. రాసినవారి పేర్లు, వారిని గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు తీసివేసి ఉత్తరాలను క్లుప్తంగా ఇస్తున్నాము.

ప్రశ్న: మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. 2024లో బుడమేరు వాగు పొంగినప్పుడు మా ఇల్లు కిటికీల దాకా మునిగింది. పిల్లలతో, మా అత్తగారితో కలిసి పై అంతస్తు వాళ్లింట్లో కరెంటు లేకుండా రోజుల తరబడి ఉన్నాము. ఇప్పుడు ఇల్లు బాగుపడింది. కానీ రాత్రి వాన మొదలైతే నాకు నిద్ర ఉండదు. మాటిమాటికీ లేచి వీధి గుమ్మం దగ్గర లైటు వేసి చూస్తాను. ఆధార్ కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజులు సంచిలో పెట్టి అటక మీద ఉంచాను. మా వారు నాకు పిచ్చి పట్టిందంటున్నారు. ఇది జబ్బేనా?

సమాధానం: ముందు ఆ సంచి సంగతి. ముంపు ప్రాంతంలో కాపురముండే ప్రతి ఇంట్లోనూ అలాంటి సంచి ఒకటి సిద్ధంగా ఉండాలని విపత్తు నిర్వహణ సిబ్బంది ఏటా చెబుతూనే ఉంటారు. వారు చెప్పిన పని మీరు చేశారు. ఈ మాట మీ వారికి చదివి వినిపించండి.

నిద్ర సంగతి వేరుగా చూడాలి. కృష్ణా నది పొంగితే ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో గంటగంటకూ టీవీలో చెబుతారు కాబట్టి దిగువన ఉన్నవారికి ఎంతో కొంత వ్యవధి దొరుకుతుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు గండ్ల నుంచి నగరం మీదికి వచ్చిన నీటి విషయంలో సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేట వాసుల్లో చాలామందికి ఆ వ్యవధి దొరకలేదు; నీరు గడప ఎక్కుతుంటేనే సంగతి తెలిసింది. చెప్పాపెట్టకుండా వచ్చిన ఆపదను మనసు అంత తేలికగా వదలదు. అప్పుడు ఎవరూ చెప్పలేదు గనుక ఇకమీదట కాపలా నేనే కాయాలని తీర్మానించుకుంటుంది. మీరు అర్ధరాత్రి లేచి గుమ్మం దగ్గరికి వెళ్లడం ఆ కాపలాయే.

వరదలో చిక్కుకున్నవారికి మొదటి కొన్ని వారాలు నిద్ర చెదరడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, అన్నం సహించకపోవడం, అయినదానికీ కానిదానికీ పిల్లల మీద విసుక్కోవడం సహజం. ఇల్లు శుభ్రపడి, పనులు దొరికి, పిల్లలు బడికి వెళ్లడం మొదలుపెట్టాక ఎక్కువమందిలో ఇవి మందూమాకూ లేకుండానే తగ్గిపోతాయి. నెల దాటినా ఆ దృశ్యాలు వద్దన్నా కళ్లముందు ఆడుతూ, పీడకలలు వస్తూ, వరదను గుర్తు చేసే చోట్లకూ మాటలకూ మనిషి తప్పుకుని తిరుగుతూ, అనుక్షణం ఏదో ముంచుకొస్తుందన్నట్టు బిగుసుకుని ఉంటూ, వీటివల్ల ఇంటిపనో ఉద్యోగమో సంసారమో దెబ్బతింటుంటే అప్పుడు మేము దానిని జబ్బుగా లెక్కిస్తాము. మీ ఉత్తరంలో ఉన్నది వాన కురిసే రాత్రులకే పరిమితమైన భయం. పగలు మీ పనులు సవ్యంగా సాగుతున్నాయో లేదో మీరు రాయలేదు. సాగుతుంటే ముందు ఇంట్లోనే ప్రయత్నించి చూడవచ్చు.

కాపలాను పంచుకోవడంతో మొదలుపెట్టండి. మీ వీధిలో మీలాగే మేలుకునే ఆడవాళ్లు మరికొందరు తప్పకుండా ఉంటారు, సిగ్గుపడి చెప్పుకోరు. నాలుగైదు ఇళ్లవారు కూర్చుని, భారీ వర్షసూచన ఉన్న రాత్రి ఎవరు మేలుకుని ఉంటారో, సమాచారం కోసం ఏ అధికారికి ఫోన్ చేస్తారో, అవసరమైతే తలుపులు ఎవరు తడతారో వంతులు వేసుకోండి. మీ వంతు కానప్పుడు పడుకునే ముందు గుమ్మం ఒక్కసారి చూసి వచ్చి, మళ్లీ లేవాలనిపించినా లేవకుండా కాసేపు ఓర్చుకోండి. ఆ కాసేపట్లో భయం ఎంత ఎత్తుకు పెరిగినా దానంతట అదే దిగుతుంది. లేచి చూసిన ప్రతిసారీ మాత్రం బలపడుతుంది. వాట్సాప్‌లో తిరిగే పాత వరద వీడియోలను వాన రాత్రి తెరవకండి. మరొక హెచ్చరిక: నిద్ర కోసం మందుల దుకాణంలో అడిగి ఆల్‌ప్రజోలం వంటి మాత్రలు తెచ్చుకోవద్దు. అవి అలవాటు పడతాయి, వరద భయాన్ని తగ్గించవు. వాన లేని రోజుల్లో కూడా పీడకలలు వస్తుంటే, బురద వాసనకే గుండె దడదడలాడుతుంటే మానసిక వైద్యులను కలవండి. ఆ జ్ఞాపకాన్ని భద్రమైన చోట, కొద్దికొద్దిగా, పద్ధతి ప్రకారం ఎదుర్కొనేలా చేసే మాటల చికిత్స ఉంది, బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మాది. 2018లో తిత్లీ తుపానుకు మా నాన్నగారి కొబ్బరి తోట దాదాపుగా నేలమట్టమైంది. చెట్టును పెద్దకొడుకు అనేవారు ఆయన. మళ్లీ మొక్కలు నాటించాము, కొన్ని కాపుకు కూడా వచ్చాయి. కానీ మనిషి మునుపటిలా లేరు. తోట వైపు వెళ్లరు, సాయంత్రమైతే తాగుతారు. ఈమధ్య, ‘నేను పోతే మీకు బాకీల గొడవైనా తీరుతుంది’ అన్నారు. తాగుడు మాన్పించే మందు ఏదైనా చెప్పండి.

సమాధానం: మీరు ఉత్తరం చివర రాసిన మాటే నాకు అన్నిటికంటె ముఖ్యం. తాగిన మైకంలో అన్నదని తీసిపారేయకండి. ఈ రోజే, ఆయన తాగని వేళ చూసి పక్కన కూర్చుని, ‘చనిపోవాలని అనిపిస్తోందా నాన్నా’ అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు, అడిగితే గుండె బరువు దిగుతుంది. ఇంట్లో, తోట గుడిసెలో పురుగుమందు డబ్బాలు ఉంటే వాటిని మరొకరింట తాళం వేసి ఉంచండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ ప్రాణాలు నిలిపిన పని. ఆయన అవునంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. దారి తోచనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

ఇక తాగుడు. మాన్పించే మందు ఇంట్లోవారు రహస్యంగా కలిపి పెట్టే పద్ధతి ప్రాణాంతకం, ఆ ఆలోచన మానుకోండి. చాలా ఏళ్లుగా రోజూ తాగే మనిషి ఉన్నపళంగా మానేసినా ప్రమాదమే. రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పి మాట్లాడటం రావచ్చు. మానడం వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి.

నా ఉద్దేశంలో మీ నాన్నగారి తాగుడు వెనుక ఏళ్లుగా ఎవరూ పట్టించుకోని దిగులు జబ్బు (డిప్రెషన్) ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపాను కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరినీ జీడినీ పడగొట్టింది. వరిచేను పోతే వచ్చే పంటకు తేరుకోవచ్చు. దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే మొదటి గెల చూడటానికే ఆరేడేళ్లు పడుతుంది, నిండు కాపుకు ఇంకా సమయం కావాలి. వయసు మళ్లిన రైతు తన తండ్రి నాటిన చెట్లను పోగొట్టుకుని, తాను నాటిన చెట్ల కాపు తాను తింటానో లేదో అన్న లెక్కలో పడితే, ఆ లెక్కకు నష్టపరిహారం సరిపోదు. ఊళ్లో అందరికీ పోయింది కదా, నీకే ఎందుకింత బాధ అని ఆయనతో ఎవరైనా అని ఉంటే అది ఆయన నోరు మూయించి ఉంటుంది.

దిగులు జబ్బుకు మందులున్నాయి. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది, తొలి వారంలోనే గుణం లేదని మానేయకూడదు. మీ ప్రాంతం విషయంలో ఒక జాగ్రత్త: ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి విస్తారంగా ఉంది, నీరసం, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం ఆ వ్యాధిలోనూ కనిపిస్తాయి. అందుచేత మందులు మొదలుపెట్టే ముందు సీరమ్ క్రియాటినిన్ పరీక్ష చేయించి, ఆ కాగితం మానసిక వైద్యులకు చూపించండి. బాకీల పుస్తకం ఆయన ఒక్కరి చేతిలోనే ఉంటే దానిని ఇంటిల్లిపాదీ చూసే స్థితికి తీసుకురండి. మొత్తం ఎంతో తెలియని అప్పు తెలిసిన అప్పుకన్నా ఎక్కువ భయపెడుతుంది. తోటకు వెళ్లమని మీరు పోరితే ఆయన వెళ్లరు. కొత్తగా మొక్కలు వేసుకుంటున్న పొరుగు కుర్రవాడు ఎవరైనా వచ్చి, ‘గుంత ఎంత లోతు తీయాలి, పురుగు పట్టకుండా ఏం చేయాలి’ అని అడిగి వెంటబెట్టుకుని వెళితే వెళ్లవచ్చు. ఆ కుర్రవాడిని వెతికిపెట్టడం మీ వంతు.

ప్రశ్న: అమెరికాలోని డల్లాస్‌లో ఉంటున్నాను. మా అమ్మానాన్నలు విశాఖపట్నంలో ఉన్నారు. హుద్‌హుద్ అప్పుడు రెండు రోజులు ఫోన్ కలవలేదు. అప్పటినుంచి బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే చాలు, రాత్రంతా తుపాను మ్యాపులు చూస్తూ కూర్చుంటాను. వాళ్లు మాత్రం నిశ్చింతగా ఉంటారు. తప్పు చేసి దూరంగా వచ్చేశానన్న బాధ.

సమాధానం: 2014 అక్టోబరు 12న ఆ తుపాను విశాఖలోనే తీరం దాటి, ఫోన్ టవర్లనూ కరెంటు స్తంభాలనూ పడగొట్టినప్పుడు నగరంలో ఉన్నవారికి కనీసం ఎదుట ఏం జరుగుతోందో తెలుసు. మీకు అదీ తెలియలేదు. మీ అమ్మానాన్నల భయం తలుపులు బిగించి, నీళ్లు పట్టుకుని, గాలి తగ్గాక విరిగిన కొమ్మలు ఏరివేసే పనిలో కరిగింది. మీ భయానికి చేయడానికి పనేదీ దొరకలేదు. అందుకే వారు నిశ్చింతగా ఉన్నారు, మీరు లేరు. కాబట్టి పని కల్పించుకోండి. తుపాను లేని నెలలో వారి అపార్టుమెంటులో ఇద్దరు పొరుగువారి నంబర్లు తీసుకుని, ఫోన్లు పనిచేయకపోతే మీకు కబురు ఎలా అందాలో మాట్లాడుకోండి. పవర్ బ్యాంకు, టార్చిలైటు, నెల రోజుల బీపీ మాత్రలు ఇంట్లో ఉండేలా చూడండి. వాతావరణ శాఖ బులెటిన్ రోజుకు రెండుసార్లు చదివితే చాలు. దూరంగా ఉండటం తప్పు అన్న మాటను నేను ఒప్పుకోను. మీ అమ్మానాన్నలు ఒప్పుకుంటారేమో వారినే అడగండి.

ప్రశ్న: ఖమ్మంలో మున్నేరు ఒడ్డున ఉంటాము. 2024 వరదకు ఇల్లు వదిలి పరుగెత్తాము. అప్పుడు ఆరేళ్లున్న మా బాబు ఇప్పటికీ బొమ్మ ఇళ్లు పేర్చి, బకెట్‌తో నీళ్లు పోసి కూల్చేస్తాడు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. ఆ ఆట మాన్పించాలా? వరద మాట వాడి ముందు ఎత్తకూడదా?

సమాధానం: ఆట మాన్పించకండి. పెద్దలు పదిమందితో చెప్పుకుని తేలికపడే విషయాన్ని ఆ వయసు పిల్లలు ఆడి తేలికపడతారు. అయితే ఆట ఎలా ముగుస్తోందో గమనించండి. ప్రతిసారీ ఇల్లు కూలడంతోనే ఆగిపోయి, ఆ తరువాత బాబు మరింత బెదిరినట్టు కనిపిస్తే మీరూ నేల మీద కూర్చుని ఆటలో చేరండి. ‘ఇప్పుడు ఇంట్లోవాళ్లను ఎవరు తీసుకొస్తారు?’ అని అడగండి. ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకుపోయిన తొమ్మిది మందిని ఒక డ్రైవర్ జేసీబీ వేసుకుని వెళ్లి ఒడ్డుకు చేర్చిన సంగతి మీ ఊళ్లో తెలియనివారు లేరు. మీ బాబు దగ్గర బొమ్మ జేసీబీ ఉంటే దానికి ఆ పని అప్పగించండి. వాడు కథను మార్చుకునే వీలు వాడికే వదలండి, మీరు దర్శకత్వం చేయవద్దు.

వరద మాట దాచడం వల్ల ఉపయోగం లేదు, పిల్లలు మన ముఖాలు చదువుతారు. అడిగినంత మేరకు నిజం చెప్పండి. మళ్లీ రాదు అని మాట ఇవ్వకండి, ఎందుకంటే మున్నేరు మీ మాట వినదు. మళ్లీ వస్తే మనం ముందుగానే ఫలానా పిన్ని ఇంటికి వెళతాము, నీ పుస్తకాల సంచి నువ్వే పట్టుకోవాలి అని చెప్పండి. పక్క తడిపినందుకు కొట్టవద్దు, నలుగురిలో నవ్వవద్దు. పడుకునే ముందు మూత్రానికి పంపించి, కొన్నాళ్లు దగ్గర పడుకోబెట్టుకోండి.

పిల్లలు మరిచిపోతారులే అనుకోవడం మాత్రం పొరపాటు. 1999 అక్టోబరు 29న ఒడిశాను ముంచెత్తిన పెను తుపాను తరువాత ఏడాదికి అక్కడి పిల్లలను, కౌమార వయసువారిని మానసిక వైద్యులు పరీక్షిస్తే, సుమారు 30 శాతం మందిలో నేను మొదటి సమాధానంలో చెప్పిన జబ్బు లక్షణాలు బయటపడ్డాయి. తాకిడి తీవ్రంగా ఉన్న ప్రాంతాల్లో అది 40 శాతం దాటింది. తక్కువగా ఉన్నచోట 11 శాతం దగ్గర ఉంది. మీ బాబు విషయంలో ఇప్పటికే చాలా కాలం గడిచింది కాబట్టి పిల్లల వైద్యుని కలిసి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం లేవని తేల్చుకుని, అవసరమైతే పిల్లల మానసిక నిపుణుల దగ్గరికి వెళ్లడం మంచిది. బడిలో టీచరుకు కూడా చెప్పి ఉంచండి.

ప్రశ్న: మాది దివిసీమ. మా నాయనమ్మ 1977 ఉప్పెనలో ఇద్దరు బిడ్డలను పోగొట్టుకుంది. శవాలు దొరకలేదు. ఏటా కార్తీకంలో రెండు మూడు రోజులు ముద్ద ముట్టదు, గాలి వీస్తే తుమ్మచెట్టును ఎలా పట్టుకుందో చెబుతుంది. చెప్పనివ్వాలా, మాట మరలించాలా? గత ఆరు నెలలుగా రాత్రుళ్లు లేచి ఆ పిల్లలను పేరు పెట్టి పిలుస్తోంది.

సమాధానం: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సంగతులున్నాయి. కార్తీకంలో రెండు మూడు రోజుల దుఃఖాన్ని నేను జబ్బు అనను. 1977 నవంబరు 19న సముద్రం మీద పడినప్పుడు సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప వంటి తీర గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవారు అధికారిక లెక్క ప్రకారమే సుమారు 10 వేలు. శవాలను పోల్చుకునే వీలులేక గుట్టలుగా దహనం చేశారు. శవం చూడని తల్లికి, కర్మ జరగని బిడ్డ పోయినట్టా, ఎక్కడో ఉన్నట్టా అన్నది ఏనాటికీ పూర్తిగా తేలదు. అలాంటి తల్లి ఏడాది పొడవునా కోడళ్లను, మనుమలను చూసుకుంటూ బతికి, ఆ రెండు రోజులు మాత్రం వారికోసం ఉంచుకుంటే అది ఆమె కట్టుకున్న వ్రతం లాంటిది. ఆమె చెబుతుంటే వినండి. అవనిగడ్డ వైపు ఏటా ఆ రోజున మృతులకు నివాళులర్పిస్తారు. ఓపిక ఉంటే తీసుకువెళ్లండి. ఆ బిడ్డల పేరిట అన్నదానమో, తర్పణమో ఆమె కోరుకుంటే జరిపించండి. అయితే వినడం వేరు, విలేకరిలా గుచ్చిగుచ్చి అడగడం వేరు. యాభయ్యేళ్ల సందర్భమని ఫోన్లు పట్టుకుని వచ్చేవారిని గుమ్మం దగ్గరే ఆపి, ముందు ఆమెను అడగండి.

ఆరు నెలలుగా కొత్తగా మొదలైనది మాత్రం వైద్యులకు చూపించవలసినదే. ముసలితనంలో జ్ఞాపకశక్తి దెబ్బతినేటప్పుడు దగ్గరి సంగతులు ముందుగా జారిపోయి, పాతవి నిన్న జరిగినట్టు పైకి వస్తాయి. ఇన్నేళ్లుగా ఆమె అదుపులో పెట్టుకున్న ఆ రాత్రి అలా తిరిగి వచ్చి ఉండవచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం, వినికిడి మందగించడం, కొత్తగా వేసిన మాత్రలు కూడా రాత్రుళ్లు ఇలాంటి కలవరింతలకు కారణమవుతాయి, వాటిని సులువుగా సరిచేయవచ్చు. రాత్రి గదిలో చిన్న లైటు ఉంచండి. ఆమె పిల్లలను పిలిచినప్పుడు ‘వాళ్లు చచ్చిపోయారుగా’ అని గుర్తుచేసి ప్రతి రాత్రీ కొత్తగా ఆ వార్త చెప్పకండి. చేయి పట్టుకుని, ‘నేనున్నాను నాయనమ్మా, గాలి లేదు, నీళ్లు లేవు’ అనండి.

ప్రశ్న: బాపట్ల జిల్లా తీర గ్రామంలో ఉపాధ్యాయుణ్ణి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను సమయంలో మా పాఠశాలలోనే పునరావాస కేంద్రం నడిచింది. అన్నం, దుప్పట్లు చూసుకోగలిగాము గానీ ఏడ్చేవారిని, రాయిలా కూర్చున్నవారిని ఏం చేయాలో తెలియలేదు. తరువాత కౌన్సెలింగ్ శిబిరం పెట్టి అందరి చేతా అనుభవాలు చెప్పించాలని కొందరు యువకులు అంటున్నారు. ఊరుగా మేము ఏం చేయగలము?

సమాధానం: అందరినీ కూర్చోబెట్టి, జరిగిందంతా ఒక్క దఫాలో చెప్పించే శిబిరం వద్దు. ఒకప్పుడు ఇది మంచి పద్ధతి అనుకునేవారు. పరిశోధనల్లో మేలు కనిపించలేదు, కొందరికి కీడు కూడా జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స పద్ధతి అంతకంటె సాదా అయినది, ఉపాధ్యాయులూ ఆశా కార్యకర్తలూ నేర్చుకోగలిగినది. కేంద్రంలోకి రాగానే ఎవరు ఒంటరిగా ఉన్నారో, ఎవరి చేతిలో పసిబిడ్డ ఉందో, ఎవరు వేసుకునే మాత్రలు ఇంట్లో వదిలి వచ్చారో చూడాలి. పక్కన కూర్చుని, చెబితే వినాలి, చెప్పకపోతే ఊరుకోవాలి. తరువాత వారికి కావలసిన మనిషితోనో, మందుతోనో, కార్యాలయంతోనో కలపాలి. రాయిలా కూర్చున్న మనిషికి వేడి టీ ఇచ్చి, ‘మీవాళ్లు ఎవరైనా కనబడాలా, వెతికించమంటారా?’ అని అడగడం మీరు ఆ క్షణంలో చేయగల చికిత్స. ‘దేవుడి దయవల్ల ప్రాణాలైనా మిగిలాయి’ అన్న మాట వారు తమకు తాము చెప్పుకోవచ్చు, మనం చెప్పకూడదు. ఫిట్స్, మూర్ఛ మందులు, మానసిక రోగాల మందులు వాడేవారికి ఒక్క రోజు కూడా మాత్ర తప్పకుండా చూడటం గ్రామ నర్సు (ఏఎన్‌ఎం)తో కలిసి మొదటి రాత్రే చేయవలసిన పని. దీనిని దాదాపు ప్రతిచోటా మరిచిపోతారు.

కేంద్రంలో ఇంటివారిని ఇంటివారితో, వీధివారిని వీధివారితో ఉంచండి. 1995 జనవరి 17న జపాన్‌లోని కోబె నగరంలో భూకంపం వచ్చాక తాత్కాలిక ఇళ్లను వృద్ధులకు ముందుగా ఇవ్వాలన్న సదుద్దేశంతో లాటరీ తీసి కేటాయించారు. ఇరుగుపొరుగు తలోదిక్కయ్యారు. ఒంటరి వృద్ధులు గదిలో కన్నుమూసి, రోజుల తరువాత గాని ఎవరికీ తెలియని ఘటనలు జరిగాయి. ఆ అనుభవంతో 2004లో నీగాతా ప్రాంతపు భూకంపం తరువాత పల్లెను పల్లెగానే తరలించారు. మన దగ్గర కులాల వారీగా, పార్టీల వారీగా గదులు విడిపోవడం కూడా నేను విన్నాను; అది మీరు చెప్పకుండానే నాకు తెలిసినట్టు నటించను, కానీ మీ కేంద్రంలో అలా జరిగి ఉంటే ఏ కౌన్సెలింగూ దానిని పూడ్చలేదు.

నష్టం జాబితా సంగతి కూడా మానసిక ఆరోగ్యం కిందికే వస్తుందని నా అభిప్రాయం. తుపాను అందరినీ కలుపుతుంది, జాబితా విడగొడుతుంది. విజయవాడ వరదలో కింది అంతస్తుకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించినప్పుడు, లెక్క స్పష్టంగా ఉన్నా, తమ పేరు రాలేదన్న వారు కార్యాలయాల చుట్టూ తిరిగారు. పొలాల్లో ఇది ఇంకా చేదు: పెట్టుబడి పెట్టి పంట పోగొట్టుకున్న కౌలు రైతుకు కాగితం లేకపోతే పరిహారం భూమి యజమాని ఖాతాలో పడుతుంది. వరద నీరు తీశాక ఆరు నెలలకు మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది నోట నీటి మాట రాదు, అవమానం మాట వస్తుంది. కాబట్టి జాబితాను సచివాలయం గోడ మీద అంటించి, అభ్యంతరాలకు గడువు ఇచ్చి, చదువురానివారికి దరఖాస్తు రాసిపెట్టే బాధ్యత మీ యువకులకు అప్పగించండి. శిబిరం పెట్టాలన్న వారి ఉత్సాహానికి ఇది తగిన పని. తరువాత మీ మీద పక్షపాతం నింద పడకుండా, ఆ రాసిపెట్టే చోట రెండు మూడు వీధుల పెద్దలను కూర్చోబెట్టండి.

భయం తగ్గించే మరొక దారి సన్నద్ధత. ఒడిశాలో 1999లో సుమారు 10 వేల మంది చనిపోగా, 2013 ఫైలిన్ తుపానుకు ముందు లక్షలాది మందిని తరలించడంతో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. తుపాను షెల్టర్లు, గ్రామ బృందాలు, ముందస్తు కసరత్తులు ఇందుకు తోడ్పడ్డాయి. ఏ వీధి ముందు కదలాలో, మంచం దిగలేని ముసలివారిని ఎవరు మోయాలో, గేదెలను ఎక్కడికి తోలాలో ఏడాదికోసారి చేసి చూసిన ఊళ్లో, గాలి మొదలైనప్పుడు చేతులకు పని ఉంటుంది. గేదెలను వదలలేక ఇల్లు కదలనివారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు కనుక వాటికి చోటు చూపకుండా తరలింపు పూర్తి కాదు.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే మానసిక సామాజిక సహాయంపై మార్గదర్శకాలు విడుదల చేసింది. అంతకుముందు, 2004 సునామీ తరువాత బెంగళూరు నిమ్హాన్స్ నిపుణులు తమిళనాడు తీరంలో స్థానిక కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి వారి చేతనే ఇల్లిల్లూ తిరిగించారు. మీ జిల్లా మానసిక ఆరోగ్య విభాగాన్ని అడిగితే మీ పాఠశాలలోనే అలాంటి ఒకరోజు శిక్షణ ఏర్పాటు చేయించుకోవచ్చు. తుపాను రాకముందే అడగండి, వచ్చాక వారికి తీరిక ఉండదు.

తుపాను తగ్గిన నెలకు, మూడు నెలలకు, ఏడాదికి మళ్లీ తిరగవలసిన ఇళ్ల పట్టిక ఒకటి రాసుకోండి. ఇంట్లో మరణం జరిగినవారు, పడవ గానీ వలలు గానీ పోయి వేటకు వెళ్లలేనివారు, అప్పటికే మానసిక వైద్యం పొందుతున్నవారు, ఒంటరి వృద్ధులు, కొత్తగా తాగుడు మొదలుపెట్టినవారు అందులో ఉండాలి. ఆ పట్టికలో రాత్రంతా సహాయం చేసిన మీ యువకులు, కరెంటు లైన్‌మన్, ఏఎన్‌ఎం, మీరు కూడా ఉండాలి. శవాన్ని మొదటిసారి మోసిన పద్దెనిమిదేళ్ల కుర్రవాడు నలుగురిలో నవ్వుతూ తిరుగుతాడు. ఇంటికి వెళ్లి వాళ్ల అమ్మను అడిగితే నిద్రపోతున్నాడో లేదో చెబుతుంది.